వంకర అంచు

మా అత్తగారి చెయ్యి వణుకుతోందని నాకు ముందు చెప్పింది టీ కప్పు. చలికాలం మొదట్లో ఒక పొద్దున, షాపు వెనకగదిలో సాసరు మీద కప్పు గలగలమంటుంటే మిషను ఆపి తలెత్తాను. ఆవిడ కప్పు వంక గుర్రుగా చూస్తూ, "ఈ కప్పు అడుగు సరిగా లేదే. ఎవరు కొన్నారో గానీ కళ్ళు నెత్తి మీద పెట్టుకుని కొన్నారు," అన్నారు.

ఆ కప్పు కొన్నది నేనే. ఇంకో రోజైతే ఆ మాటకి నాలుగు మాటలు వడ్డీతో సహా అప్పజెప్పేదాన్ని. మా అత్తాకోడళ్ళ కబుర్లు ఎప్పుడూ అలాగే ఉంటాయి. కొత్తవాళ్ళెవరైనా వింటే ఇద్దరం ఇప్పుడే జుట్లు పట్టుకుంటామనుకుంటారు. ఆ రోజు మాత్రం తల వంచుకుని మళ్ళీ మిషను తొక్కాను. కప్పు కింద పెట్టేశాక కూడా ఆవిడ వేళ్ళు ఆగలేదు మరి.

ముందు మా పనేమిటో చెప్పాలి. జనం దానమిచ్చిన పాతబట్టలు మా షాపుకి మూటల్లో వస్తాయి. బాగున్నవాటిని ఉతికి, ఇస్త్రీ చేసి ముందుగదిలో వేలాడదీస్తారు. చిరిగినవీ, మరకలు పడ్డవీ, ఇప్పుడు ఎవరూ తొడగనివీ మా వెనకగదికి వస్తాయి. వాటిని మేం విప్పి, కోసి, ఇంకోటిగా కుడతాం. తాతగారి ఓవర్‌కోటు మనవరాలి పొట్టికోటవుతుంది. కర్టెను గౌనవుతుంది. ప్యాంటు కాళ్ళు సంచులవుతాయి. అమ్మితే వచ్చింది పిల్లల ఆసుపత్రికి పోతుంది.

మేం అంటే, కోసేది మా అత్తగారు, కుట్టేది నేను. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఇంటి ముందుగదిలోనే మాకు టైలరింగ్ షాపుండేది. అప్పట్నుంచీ అంతే. పెద్ద కత్తెర ఆవిడది, మిషను నాది. ఆ కత్తెర నేను ముట్టుకోకూడదు. ముట్టుకోవాలని నాకూ లేదు, ఒట్టు. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. కోత తప్పితే బ్రహ్మదేవుడు దిగొచ్చినా అతకలేడు. ఎవరైనా పొరపాటున ఆ కత్తెర అందుకోమంటేనే నాకు చెమటలు పట్టేవి.

ఆవిడకి ఇంకో పట్టింపు కూడా ఉంది. సుద్దతో గీత గీసేదాకా పదిసార్లు కొలుస్తారు. గీత మీద కత్తెర పడ్డాక ఇంక టేపు ముట్టుకోరు. కోసిందాన్ని మడిచి నా బల్ల మీద పడేసి, ఇంకో బట్ట అందుకుంటారు. "కోసింది మళ్ళీ కొలిచేది చేతి మీద నమ్మకం లేనివాళ్ళు," అంటారు. అది పొగరే గానీ, ఆ చేతికి ఆ పొగరు చెల్లింది.

టీ కప్పు గలగలమన్న వారంలోనే ఒక బూడిదరంగు ఉన్ని కోటు నా బల్ల మీదకొచ్చింది. మగవాళ్ళ పొడుగు కోటు. బల్ల మీద బోర్లా పరిచి, ముందూ వెనకా కలిపి ఒకేసారి కిందభాగం కోసేశారు. మడత విప్పి చూద్దును కదా, ఎడమవైపు నడుం దగ్గర ఆగిపోయింది, కుడివైపు జానెడు కిందకి దిగింది. స్కేలు పెట్టి గీసిన సుద్దగీత మాత్రం చక్కగా, అడ్డంగా, ఎక్కడిదక్కడే ఉంది. గీత ఒక దారినా, కోత ఒక దారినా పోయాయి.

గబగబా కోటు మళ్ళీ మడిచేశాను. ఆవిడ వైపు చూశాను. కూనిరాగం తీస్తూ ఇంకో కోటు దులుపుతున్నారు.

చెప్పెయ్యాల్సింది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. కానీ అప్పుడు నాకు షాపులో ఇస్త్రీ చేసే తాతగారు గుర్తొచ్చాడు. అంతకు ముందు ఏడు ఆయన ఒక చొక్కా మాడ్చాడు. మా మేనేజరు మంచివాడే. పల్లెత్తు మాటనకుండా, "పెద్దవారు, కాస్త తేలిక పని చేద్దురుగాని," అని గుమ్మం దగ్గర మూటలు విప్పే పనిలో కూర్చోబెట్టాడు. తాతగారు కొన్నాళ్ళు కూర్చుని, తరవాత రావడం మానేశాడు. మా అత్తగారైతే మూటల దగ్గర ఒక్క పూట కూడా కూర్చోరు. మామగారు పోయిన కొత్తల్లో ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని అన్నం కూడా వద్దన్నారు. ఆ మనిషిని లేపి నిలబెట్టింది ఈ షాపూ, ఆ కత్తెరా. అవి పోతే ఆవిడ మళ్ళీ ఆ గోడ వైపే తిరుగుతారు. నాకు ఆ భయం పట్టుకుంది.

అందుకని నోరు మూసుకుని, గుట్టలోంచి ఒక ఎర్ర మఫ్లరు లాగాను. దాన్ని నిలువునా మడిచి, ఆ ఏటవాలు వెంటే పట్టీలా కుట్టేశాను. పైనుంచి కిందకి, అదే వాలులో, పెద్దపెద్ద నల్ల గుండీలు వేశాను. వంకర దాచడానికి వీల్లేనప్పుడు దాన్నే పెళ్ళికూతుర్ని చెయ్యాలి. ఆవిడ టీకి వెళ్ళిన సమయం చూసి కోటుని ముందుగదికి చేరేశాను.

కౌంటరు దగ్గర కూర్చునే ఆవిణ్ణి మేమంతా మైకు అంటాం. ఆవిడ గుసగుసలాడినా వీధి చివరిదాకా వినపడుతుంది. మధ్యాహ్నం కాకుండానే వెనకగదిలోకి దూసుకొచ్చింది.

"ఒసే, ఆ వంకర కోటు ఎగరేసుకుపోయారే! ఇద్దరు కొట్టుకున్నారు దాని కోసం! ఇంకోటుందా?"

"నెమ్మది, తల్లీ!" అని ఆవిణ్ణి బయటికి నెట్టుకుపోయాను. అదృష్టం, మా అత్తగారు పెరట్లో దుప్పట్లు దులుపుతున్నారు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ తరవాత వచ్చిన ప్రతి కోటూ ఏదో ఒక వైపుకి జారేది. కొన్ని కుడికి, కొన్ని ఎడమకి, ఒకటైతే మధ్యలో మనసు మార్చుకుని మళ్ళీ పైకెక్కింది. నేను ఒకదానికి కర్టెను అంచూ, ఒకదానికి స్వెటరు చేతులూ అతికి, దేని వంకరకి తగ్గ అలంకారం దానికి చేసి పంపేదాన్ని. షాపు తెరవకముందే జనం వచ్చి నిలబడేవాళ్ళు, ఏ కోటూ మా అత్తగారి కంట పడేదాకా ముందుగదిలో నిలిచేది కాదు. మా మేనేజరు ఏమడిగినా "సరే సరే" అనే మనిషి, అందుకని ఆయన పేరే సరేసరే గారైపోయింది. ఆయన వచ్చి, "అమ్మా, ఆ ఏటవాలు డిజైను మీదేనటగా, బ్రహ్మాండం," అన్నాడు.

"నాదేనండీ. కానీ అత్తయ్య ముందు ఆ మాట ఎత్తకండి. ఆవిడకి కొత్త ఫ్యాషన్లంటే గిట్టదు."

"సరే సరే," అన్నాడాయన, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

ఇంట్లో మా ఆయనకి మాత్రం చెప్పాను. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఎంత ట్రాఫిక్‌లోనైనా బెదరడు గానీ, వాళ్ళమ్మ ముందు మాత్రం పిల్లి.

"పోనీ, మా అమ్మకి చెప్పెయ్యవే. ఎన్నాళ్ళు దాస్తావు?"

"మీ అమ్మేగా, మీరే చెప్పండి."

"నాకు పొద్దున్నే డ్యూటీ ఉంది," అని దుప్పటి ముసుగేశాడు.

రహస్యం ఆ చలికాలమంతా దాగేదేమో. కానీ ఒకనాడు బస్‌స్టాపులో మా ఎదురుగా ఒకావిడ నిలబడింది. ఒంటి మీద బూడిదరంగు కోటు, ఎర్ర పట్టీ.

"చూడవే, ఎవరో తాగి కోసినట్టున్నారు," అని నవ్వారు మా అత్తగారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. ముందుకు వంగి చూశారు. ఆవిడ మనుషుల ముఖాలు మర్చిపోతారేమో గానీ బట్టని మర్చిపోరు. "ఇది మన ఉన్ని కాదూ? నేను కోసిన కోటు కాదూ?"

నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతిలోకే దూకాను.

"అవునత్తయ్యా. నేనే... కుట్టేటప్పుడు ఒకవైపు పైకి మడిచేశాను. ఇప్పుడదే ఫ్యాషను."

"నా కోతని పాడుచేశావా?"

"పాడు కాదత్తయ్యా, కొంచెం..."

"ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని, నా వెనకాల నా గుడ్డని నరికేశావా?"

బస్సొచ్చింది. ఆవిడ నా పక్కన కూర్చోకుండా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. ఆ రోజునుంచి నాతో మాటలు బంద్. మా బల్లలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. అయినా మైకుని పిలిపించి, "ఆవిడకి చెప్పు, ఆకుపచ్చ కోటు లైనింగు విప్పమని," అనేవారు. మైకు నా చెవి పక్కన నిలబడి, "లైనింగు విప్పమంటున్నారు!" అని అరిచేది. నేను తేలుకుట్టిన దొంగలా తల వంచుకుని లైనింగు విప్పేదాన్ని. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందన్న కబురు కూడా మా ఆయన ద్వారానే వచ్చేది, ఆయన మా ఇద్దరి మధ్యే కూర్చుని తింటుండగా. నాకు ఏడుపొచ్చేది. అయినా నేనే దొంగనని ఆవిడ అనుకున్నంతకాలం తన చేతి మీద ఆవిడ నమ్మకం నిలబడే ఉంటుంది కదా అని ఓర్చుకున్నాను.

అప్పుడే ఒక టీచరమ్మ వచ్చింది. దానం మూటల్లోంచి తనే ఒక నల్లకోటు ఏరుకుని, "నాకిది ఆ రకంగా చేసిపెట్టండి, ఒక అంచు దిగేటట్టు. దాన్ని వేసుకునే క్లాసుకి వెళ్తాను," అంది. సరేసరే గారు సరే సరే అన్నాడు. నల్లకోటు కోతబల్ల పక్కనున్న గుట్టలో చేరింది. మా అత్తగారు దానికన్నా ముందు ఒక నీలం కోటు అందుకున్నారు.

దాన్ని కోశారు. కోసి, ఎప్పటిలా నా వైపు పడెయ్యకుండా మైకుని పిలిపించారు.

"ఇదిగో, మైకూ," అన్నారు, "ఆవిడకి చెప్పు. ఈసారి నేను కొలిచి ఇస్తున్నాను. అటూ ఇటూ ఎంతుందో రాసి మరీ ఇస్తాను. తరవాత ఎంత మడిచి మింగుతుందో అదీ చూస్తాను."

ఆ మాట వినేసరికి మిషను ఆపేశాను. "వద్దత్తయ్యా," అన్నాను. "మీరెప్పుడూ కొలవరుగా. ఇప్పుడెందుకు?"

"నీ మీద నమ్మకం లేక," అన్నారు సూటిగా నాతోనే.

టేపు ఎడమవైపు పెట్టారు. తరవాత కుడివైపు. మళ్ళీ ఎడమవైపు పెట్టి, కళ్ళద్దాలు తీసి, చేతిగుడ్డతో తుడుచుకుని, మళ్ళీ కుడివైపు పెట్టారు. వేలితో సుద్దగీత వెంట నడిచారు. గీత నుంచి కోత ఎక్కడ విడిపోయిందో అక్కడ వేలు ఆగింది. అది నా మిషను ఎక్కని గుడ్డ. దాని మీద నా చెయ్యి పడలేదని ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

మైకు మెల్లిగా కౌంటరు వైపు జారుకుంది.

మా అత్తగారు టేపుని వేళ్ళకి చుట్టి, జాగ్రత్తగా దాని చోట పెట్టారు. "టీ పెట్టవే," అన్నారు.

ఇన్నాళ్ళకి కోపం లేకుండా నాతో మాట్లాడిన మాట కదా, పరిగెత్తి పెట్టాను. తెచ్చేసరికి ఆవిడ కత్తెరకి నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి నా బల్ల మీద పెట్టి, తన కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. "చలిగా ఉంది," అన్నారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి గట్టిగా అదిమి పెట్టుకుని, వీధిలోకి చూసేవారు. తిట్టడం మానేశారు. నేను చారులో కారం ఎక్కువేశానని తెలిసి కూడా ఏమీ అనకుండా తినేశారు. మిగిలిన చారు నేనే పారబోశాను. షాపులో కోటుల గుట్ట పెరుగుతోంది. టీచరమ్మ వచ్చి అడిగిపోతోంది. నేను గుడ్డలో చుట్టిన కత్తెరని దూరం నుంచి చూడటమే గానీ విప్పలేదు.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఆవిడ కుర్చీ ముందు నిలబడ్డాను.

"రేపు వస్తున్నారా లేదా?"

"జాలిపడ్డావు నా మీద," అన్నారు ఆవిడ, వీధి వైపే చూస్తూ. "అందరూ కలిసి నాటకమాడారు. ముసలిదానికి చేతకాదు, అయినా ఆడనివ్వండి పాపం అనుకున్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"జాలా? మీ మీద జాలిపడే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుందండీ? మీ అబ్బాయికుందా? నాకుందా? నాది భయం. మిమ్మల్ని మూటల దగ్గర కూర్చోబెడితే నేను చూడలేను. మీరు రాకపోతే ఆ గదిలో నేను ఉండలేను. పక్కన తిట్టే మనిషి లేకపోతే నాకు కుట్టు పడట్లేదు, తెలుసా? నిన్న చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను!"

అని ఏడ్చేశాను. చెప్పకేం, వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆవిడ వీధి మీంచి చూపు తిప్పి నన్ను చూశారు. తరవాత, "రెండూ ఒకే వైపా?" అన్నారు.

"ఊఁ."

"తలకాయ ఎక్కడ పెట్టావే?" ఆ తిట్టు వినేసరికి నా ప్రాణం లేచొచ్చింది. "అవన్నీ నిజంగా అమ్ముడుపోయాయా?"

"ఒక్కటి మిగిల్తే ఒట్టు."

"అన్నీ వంకరవేనా?"

"అన్నీ."

"అన్నీ ఒకే వంకరా?"

"కాదత్తయ్యా, దేని వంకర దానిదే."

ఆవిడ ఒళ్ళో చేతుల్ని పైకి తీసి చూసుకున్నారు. అవి వణుకుతున్నాయి. ఈసారి దాచుకోలేదు. "రెడీమేడ్ వాడు చచ్చినా కొయ్యలేడు అలాగ," అన్నారు.

మర్నాడు నాకంటే ముందే తయారై కూర్చున్నారు. షాపులో అడుగుపెడుతూనే నేరుగా మేనేజరు బల్ల దగ్గరికి వెళ్ళారు.

"బాబూ, నా చెయ్యి వణుకుతోంది. ఆ కోట్లన్నీ వంకరగా కోసింది నేనే, కోడలు కాదు. ఇకనుంచి కత్తెర అది పట్టుకుంటుంది. నేను కోతబల్ల దగ్గరే నిలబడతాను. మూటల దగ్గర కూర్చోను."

సరేసరే గారు ఆవిణ్ణి చూసి, నన్ను చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే సరే," అన్నాడు.

వెనకగదిలో ఆవిడ కత్తెర మీది గుడ్డ విప్పి నా చేతిలో పెట్టారు. అంత బరువుంటుందని నాకు తెలీదు. బల్ల మీద టీచరమ్మ నల్లకోటు పరిచి ఉంది. టీచరమ్మ కూడా గుమ్మంలో నిలబడి ఉంది, వారం రోజుల్నుంచీ తిరుగుతోంది కదా, ఇవాళ తీసుకునే వెళ్తానని. అత్తయ్య రోజూ గీసినట్టే నేనూ కోటు మీద అడ్డంగా సుద్దగీత గీశాను. నేను ఊపిరి బిగబట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కత్తెర గీత దాటకుండా ప్రాణాలన్నీ కళ్ళలో పెట్టుకుని కోశాను. చివరికి వచ్చేసరికి మెడంతా చెమట. చూస్తే, తిన్నగా ఉంది! నా జన్మలో ఆ కత్తెరతో నేను కోసిన మొదటి కోత, దారం లాగినంత తిన్నగా ఉంది. గర్వంగా తలెత్తాను.

మా అత్తగారు కోటు రెండు వైపులా పట్టుకుని చూశారు.

"ఏమిటే ఇది?"

"తిన్నగా వచ్చిందత్తయ్యా!"

"అదే అంటున్నాను. ఆవిడ అడిగిందేమిటి, నువ్వు కోసిందేమిటి? ఇలాంటివి ముందుగదిలో బోలెడు వేలాడుతున్నాయి. వంకర కూడా చేతకాదా నీకు?" టీచరమ్మ వైపు తిరిగి, "ఇంకా పొడుగుందిలే అమ్మా, కంగారుపడకు. దీనికి మొదటిరోజు," అన్నారు.

కోటు మళ్ళీ పరిచి, కాస్త పైన నా చేత ఇంకో గీత గీయించారు. నా వెనక నిలబడి, కత్తెర పట్టుకున్న నా చేతి మీద తన చెయ్యి వేశారు. చల్లగా, తేలిగ్గా ఉంది. వణుకు నా మణికట్టు దాకా తెలుస్తోంది. దాన్ని ఆపుదామని తెలీకుండానే వేళ్ళు బిగించాను.

"బిగించకే," అన్నారు చెవి దగ్గర. "నా చెయ్యి ఆపకు. అది ఎటు పోతానంటే అటు పోనీ."

వేళ్ళు వదులు చేశాను. కత్తెర మా ఇద్దరి చేతుల్లో వణుక్కుంటూ గీతని వదిలేసి, నల్లటి ఉన్ని మీద ఏటవాలుగా బయల్దేరింది. సగం దూరం పోయాక ఏది నా చెయ్యో ఏది ఆవిడ చెయ్యో నాకు తెలియలేదు.

"ఇదీ కోతంటే," అన్నారు మా అత్తగారు.